గోస్తనీ నది వెంట ఏడాది పాటు ఫొటోలు: ఏ కాలంలో వెలుగు ఎటునుంచి వస్తుంది?

ప్రశ్న – గోస్తనీ బాటసారి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వరంగల్లు నుంచి విశాఖపట్నం వచ్చి పద్నాలుగు నెలలు కావస్తోంది. సముద్రం పక్కనే కాపురం, రెండు మూడు గంటలు బండి నడిపితే మన్యం కొండలు. ఇన్నాళ్లూ పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ మాత్రమే బయటికి వచ్చిన కెమెరాకు ఇంతకన్నా మంచి చోటు దొరకదనిపించి ఒక పని తలపెట్టాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయంలో కాసేపు నిలిచి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నదిని దారంలా పట్టుకుని, ఆ కొసన ఉన్న కొండలనూ ఈ కొసన ఉన్న తీరాన్నీ కాలం మారినప్పుడల్లా వెళ్లి ఫొటోలు తీయాలన్నది ఆలోచన.

కిందటి జూన్ నుంచి ఇప్పటిదాకా నాలుగు వేల పైచిలుకు తీశాను. మొన్న ఆదివారం కూర్చుని చూసుకుంటే, తేదీ చూస్తే తప్ప ఏది ఏ నెలలో తీసిందో నాకే తెలియలేదు.

నా సందేహాలు ఇవి. కిందటి జూన్ మొదటి వారంలో భీమిలి ఒడ్డున తీసిన ఫొటోలో, ఇసుక మీదికి లాగి ఉంచిన పడవల ముక్కుల పక్కనుంచే సూర్యుడు పైకి వచ్చాడు. అదే దృశ్యాన్ని చలికాలంలో తీద్దామని డిసెంబరు చివర్లో అదే చోట, అదే లెన్సుతో నిలబడితే పడవలూ లేవు, సూర్యుడూ లేడు. ఆయన కుడివైపు ఎక్కడో ఖాళీ నీటి మీద తేలాడు. మే నెల మధ్యాహ్నం, భీమిలి దారిలో సముద్రం పక్కనున్న తొట్లకొండ పైనుంచి తీసిన ఫొటోల్లో సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీతే లేదు, అంతా సున్నం కొట్టిన గోడలా ఉంది. పాడేరు దగ్గరి వంజంగి కొండకు రెండుసార్లు వెళ్లాను. జులైలో మేఘం లోపలే నిలబడి నా చేతి వేళ్లు తప్ప ఏమీ చూడలేదు. జనవరిలో ఆకాశం అద్దంలా ఉంది గాని లోయలో మంచు జాడ లేదు. ఇవి చాలవన్నట్టు, రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను జూన్ తెల్లవారుజామున ఒడ్డుకు తీసుకెళ్తే లెన్సు మీద ఆవిరి పట్టింది. తుడిచేకొద్దీ మళ్లీ పట్టి, ఉన్న కాస్త మంచి వెలుగూ చేజారిపోయింది.

నా దగ్గర ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24–70, 70–200 మిల్లీమీటర్ల లెన్సులు, ఒక పాత ట్రైపాడ్ ఉన్నాయి. ఇంకేం కొనాలని అడగడం లేదు. ఉన్నవాటితో ఎప్పుడు, ఎక్కడ, ఎటు తిరిగి నిలబడాలో అనుభవం ఉన్నవారు చెబితే చాలు.

జవాబు 1 – తూర్పుగట్టు

బాటసారి గారూ, మీ డిసెంబరు సూర్యుడు దారి తప్పలేదు, మీరే ఆయన జూన్ చిరునామాకు వెళ్లారు. తేదీ చూస్తే తప్ప ఫొటోలు గుర్తుపట్టలేకపోవడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం. వెలుగు అనగానే మనమంతా రంగు గురించి ఆలోచిస్తాం, ఎర్రగా వచ్చిందా పసుపుగా వచ్చిందా అని చూస్తాం. కాలంతో పాటు ముందుగా మారేది వెలుగు వచ్చే దిక్కు. రంగు సంగతి ఆ తరవాతిది.

విశాఖపట్నం సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ జూన్ 21 ప్రాంతంలో సూర్యుడు సరైన తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు 21 ప్రాంతంలో దాదాపు అంతే దక్షిణంగా ఉదయిస్తాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు కాబట్టి, దిగంతం మీద అయిదు పిడికిళ్ల దూరం అన్నమాట. 50 మిల్లీమీటర్ల దగ్గర మీ లెన్సు అడ్డంగా చూపేది 40 డిగ్రీలే గనుక ఒక కొసను ఫ్రేములో పెడితే రెండో కొస పట్టదు. ఈ జరగడం కూడా ఏడాదంతా ఒకే వేగంతో ఉండదు. మార్చి, సెప్టెంబరు నెలల చివరి వారాల్లో రోజుకు 0.4 డిగ్రీల చొప్పున, అంటే తన వెడల్పుకు కాస్త తక్కువగా జరుగుతాడు. ఆ రోజుల్లో వారం ఆలస్యమైతే మీరు అనుకున్న రాయి వెనక సూర్యుడు ఉండడు. జూన్, డిసెంబరు నెలల చివర్లో మాత్రం రెండు మూడు వారాల పాటు కదిలీ కదలనట్టు ఉంటాడు. (పంచాంగం ప్రకారం ఉత్తరాయణం సంక్రాంతికి వచ్చినా, ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. ఈ సంగతి తెలియక ఒక ఏడాది నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.)

ఇక మన తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. తూర్పు తీరం అంటాం గాని విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డు నిటారుగా ఉత్తరానికి పోదు, ఈశాన్యం వైపు ఒరిగి పోతుంది. అందువల్ల సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంటుంది. డిసెంబరు సూర్యుడు దాదాపు ఎదురుగా, నీటి మీదుగా నేరుగా వస్తాడు. అల వీపు నల్లగా, అంచు వెండిగా కనిపించే ఎదురు వెలుగు అది. జూన్ సూర్యుడు ఒడ్డు వెంబడి, పక్కనుంచి వస్తాడు. అల మడతలో పచ్చదనం, తడి ఇసుక మీద పీతల బొరియల చుట్టూ ఉన్న గుళికల నీడలు కూడా ఆ పక్క వెలుగులో లేచి కనిపిస్తాయి. డిసెంబరులో నీటి మీది సూర్యుడి బాటనూ నల్లని ఆకారాలనూ వెతకండి. జూన్‌లో సూర్యుణ్ణి ఫ్రేము బయట పెట్టి ఇసుకనూ నురగనూ చూడండి.

దీన్ని ఒక్కచోట నేర్చుకోవాలంటే ఎర్రమట్టి దిబ్బలకు మించిన బడి లేదు. భీమిలికి ఇవతల, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ దిబ్బల్లో వాన నీరు కోసిన గెడ్డలు వంకరలు తిరుగుతూ సముద్రం వైపు దిగుతాయి. చలికాలపు ఉదయం వెలుగు గెడ్డ నోట్లోంచి లోపలికి వచ్చి రెండు గోడలనూ సమంగా పూస్తుంది. జూన్ ఉదయం ఒక గోడ నిప్పులా ఉంటే ఎదుటి గోడ నీడలో ఉంటుంది, ఆ నీడలోకి ఎర్ర గోడ మీద పడ్డ వెలుగు తిరిగి పడి లోపలి నుంచి దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరాయే సరిదిద్దుకునే అమరిక) పెడితే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని చల్లార్చేస్తుంది. డేలైట్, అంటే 5200 కెల్విన్ దగ్గర బిగించండి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు పంపకాన్ని చూపే పటం) బాగానే కనిపిస్తుంది గాని ఎరుపు చానెల్ ఒక్కటే పొంగి పొర్లిపోయి, మట్టి పొరల గీతలు కరిగి ఒకే ముద్దవుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు ఆ పటం కుడి అంచును తాకకుండా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) తగ్గించుకోండి. దిబ్బల అంచులు ఎక్కకండి. ఒక్క అడుగుతో రాలే మట్టి మళ్లీ రాదు.

మీ మే నెల సున్నం గోడ విషయానికొస్తే, మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి రోజుల్లోనూ మధ్యాహ్నం సూర్యుడు విశాఖ నడినెత్తిన ఉంటాడు, కర్రకు నీడ ఉండదు. నీడ లేని కొండకు ఆకారం ఉండదు. పైగా ఆ నెలల్లో సముద్రపు గాలిలోని ఉప్పు రేణువులు చెమ్మను పీల్చుకుని ఉబ్బి, అన్ని రంగులనూ సమంగా చెదరగొడతాయి; అందుకే దూరం తెల్లగా పాలిపోతుంది. దీనికి ఫిల్టరు మందు కాదు, తేదీ మందు. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు, మన నీడ మనకన్నా కాస్త పొట్టిగా ఉంటుంది, కాబట్టి పగలంతా పని చేసుకోవచ్చు. గాలి తేటగా ఉండేది మాత్రం అక్టోబరులో వాన వెలిసిన మర్నాడు. ఆ ఒక్క రోజు కోసం నేను సెలవులు దాచుకుంటాను.

చివరగా, సాయంత్రం కూడా ఒడ్డుకు వెళ్లండి. సూర్యుడు వెనక కొండల్లో దిగిపోయాక అందరూ చాపలు చుట్టేస్తారు. ఓ పది నిమిషాలు ఆగి సముద్రం వైపు చూస్తే, నీటిని ఆనుకుని బూడిద నీలం పట్టీ, దాని మీద గులాబీ పట్టీ లేస్తాయి. ఆ నీలం పట్టీ భూమి నీడే. వెలుగును తగ్గించే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (ఒక్కో స్టాపుకూ వెలుగు సగమవుతుంది) ఒకటి ఉంటే, షట్టరు తెరిచి ఉంచే 1/15 సెకను నాలుగు సెకన్లవుతుంది, ఆ రంగు నునుపైన నీటి మీద పరుచుకుంటుంది. కొనాలని అడగలేదన్నారు గాని ఈ ఒక్కటీ కొనమంటాను.

జవాబు 2 – మన్యం దారి

తీరం సంగతి తూర్పుగట్టు గారు చెప్పారు, నేను కొండల వరకే చెబుతాను. పాడేరులో ఎనిమిదేళ్లు పనిచేశాను, వంజంగికి ఇంత పేరు రాక ముందు నుంచీ ఆ దారి తెలుసు.

మీరు రెండుసార్లు చూసినవి రెండు వేరు వేరు వస్తువులు. జులైలో మిమ్మల్ని ముంచింది నైరుతి గాలి మోసుకొచ్చి కొండకు ఆనించిన వాన మేఘం. అది పైనుంచి వచ్చేది. అందరూ ఫొటోల్లో చూసి వెతుక్కుంటూ వచ్చే పాల సముద్రం లోయలో రాత్రికి రాత్రి పుట్టే పొగమంచు. అది కిందినుంచి లేచేది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారుతుంది, అందులోని చెమ్మ మంచుగా మారుతుంది. దాని పైన వెచ్చని గాలి మూతలా కూర్చోవడం వల్ల ఆ మంచు పైకి రాలేక, కొలిచి కోసినట్టు ఒకే మట్టాన నిలుస్తుంది. మనం ఆ మూతకు పైన నిలబడితే సముద్రం, కింద నిలబడితే చీకటి.

దీనికి మూడూ కుదరాలి: నేలలో తడి, మబ్బు లేని రాత్రి, గాలి లేకపోవడం. మీ జనవరి ప్రయాణంలో ఆకాశం బాగుంది గాని, బహుశా గాలి వీచి ఉంటుంది, లేదా వానలు పడి చాలా రోజులై నేల ఎండిపోయి ఉంటుంది. అందుకే నేను అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, ఒక వాన కురిసి తెరిపి ఇచ్చిన రెండో రాత్రిని నమ్ముకుంటాను. ముందు రోజు సాయంత్రం పాడేరు వీధిలో నిలబడి పొయ్యి పొగ ఎటు పోతుందో చూస్తాను. పొగ నిట్టనిలువుగా కాస్త లేచి, ఇంటి కప్పుల ఎత్తున చాపలా పరుచుకుంటే తెల్లవారుజామున మూడున్నరకు అలారం పెట్టుకుంటాను. వాతావరణం యాప్‌ల కన్నా ఆ పొగే ఎక్కువసార్లు నిజం చెప్పింది.

పైకి చేరాక అందరూ వెడల్పు లెన్సు తగిలిస్తారు. దూరాన్ని దగ్గరగా చూపే మీ 70–200 బయటికి తీయండి. మంచులోంచి తేలిన కొండ కొనలు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయే వరసలు ఆ లెన్సుకే చిక్కుతాయి. తెల్లని మంచును చూసి కెమెరా మోసపోయి ఫొటోను బూడిద రంగులోకి దించుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాపు దాకా పెంచండి. సూర్యుడు మంచు మీదికి ఎక్కిన తరవాత మాత్రం పెంచినదాన్ని తగ్గించుకుంటూ రావాలి. ఎండ తగిలాక ఆ సముద్రం నిలకడగా ఉండదు. వాలు మీద వేడెక్కిన చోట తెగి, పొగలా పైకి లేచి, ఒక్కోసారి మనల్నే ముంచేసి వెళ్తుంది. జనం దిగిపోవడం మొదలుపెట్టేది అప్పుడే, నాకు మంచి ఫొటోలు దొరికేదీ అప్పుడే. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మధ్యనుంచి ఎండ చారలు చారలుగా దిగేది ఆ అరగంటలోనే. ఆదివారాలు మానేయండి, పాల సముద్రం పక్కన స్పీకరు పెట్టి నాట్యం చేసేవాళ్ల మధ్య ఓపిక పట్టడం నా వల్ల కాలేదు.

అరకు లోయలో అక్టోబరు, నవంబరు నెలల్లో వలిసె చేలు పసుపు పచ్చగా పూస్తాయి. ఆ పువ్వును నడినెత్తి ఎండలో తీస్తే వట్టి పసుపు మరక. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు ఎదురు వెలుగులో, వంగి కూర్చుని తీస్తే రేకులోంచి వెలుగు దిగి ఒక్కో పువ్వూ విడిగా వెలుగుతుంది. అవి చేలు, గిరిజన రైతుల నూనె గింజల పంట. అడగకుండా దిగకండి, గట్టు మీదినుంచి తీయండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పోడు కాల్చిన పొగ కొండల మీద నిలుస్తుంది. చాలామంది ఆ నెలలను వదిలేస్తారు గాని, కళ్లతో నేరుగా చూడగలిగే ఎర్రని పళ్లెం లాంటి సూర్యుడు దొరికేది ఆ పొగలోనే. వానాకాలంలో దిగంతాన్ని మరిచిపోయి అనంతగిరి వైపు జలపాతాలకు వెళ్లండి. మబ్బు వెలుగులో నీడలు ఉండవు, తడి ఆకుల మీది మెరుపును పోలరైజర్ అనే ఫిల్టరుతో తీసేస్తే అసలు పచ్చదనం బయటపడుతుంది.

ఆవిరి సంగతి కూడా చెబుతాను. జూన్‌లో తీరం మీద మంచుబిందు ఉష్ణోగ్రత 26 డిగ్రీల దాకా ఉంటుంది. 24 డిగ్రీల ఏసీ గదిలోంచి తెచ్చిన గాజు అంతకన్నా చల్లగా ఉంటుంది కాబట్టి గాలిలో చెమ్మ దాని మీద నీరవుతుంది. తుడిస్తే పోదు, గాజు వేడెక్కాలి. రాత్రే కెమెరా సంచిని ఏసీ లేని గదిలో పెట్టుకోండి. కొండల్లో సమస్య ఇంకో రకం: రాత్రి ఆకాశానికి ఎదురుగా గంటసేపు నిలబెట్టిన లెన్సు చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడి మంచు పట్టేస్తుంది. నేను పాత ఉన్ని మేజోడు పాదం కోసేసి లెన్సు గొట్టానికి తొడుగుతాను, చూసినవాళ్లు నవ్వుతారు. మన్యంలోనే చలికి పేరుపడ్డ లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట ఉన్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడట. మీకూ ఒక జత మేజోళ్లు తెచ్చుకోండి.

జవాబు 3 – ఉత్తరాన ఉన్నవాణ్ణి

మాది విజయనగరం. తాటిపూడి పేరు కనిపించగానే చదవడం మొదలుపెట్టాను. ఏడేళ్లుగా స్కాట్లాండులోని ఇన్వర్నెస్‌లో ఉంటున్నాను, సెలవు దొరికితే స్కై దీవికి పోతాను. తూర్పుగట్టు గారు చెప్పిన దిక్కుల లెక్క ఇక్కడ ఎంత పెద్దదవుతుందో చెబితే మీకు అక్కడి వెలుగు విలువ తెలుస్తుందని రాస్తున్నాను.

స్కై 57 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యాస్తమయ స్థానం జూన్ నుంచి డిసెంబరుకు సుమారు 95 డిగ్రీలు జరుగుతుంది, మీ విశాఖలో జరిగేదానికి దాదాపు రెట్టింపు. ఎల్గోల్ ఊరి రాళ్ల ఒడ్డున నిలబడితే వేసవిలో సూర్యుడు కూలిన్ పర్వతాల వెనక దిగుతాడు, చలికాలంలో కొండలను వదిలేసి నైరుతిగా సముద్రం మీద దిగుతాడు; ఒకే రాయి మీద ట్రైపాడ్ పెట్టి రెండు వేరు ఊళ్లను తీసినట్టుంటుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 9 డిగ్రీలు, నా నీడ నాకు ఆరింతలు. పగలున్నంతసేపూ సాయంత్రమే కాబట్టి, ఉన్న ఆరేడు గంటల్లో మబ్బు ఎప్పుడు తెరిచినా ఫొటో దొరుకుతుంది. మీకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఎక్కి అరగంట లోపే ఆరు డిగ్రీలు దాటేస్తాడు. ఇక్కడ నేర్చుకున్న నిదానంతో కిందటి సంక్రాంతి సెలవుల్లో భీమిలికి వెళ్లి, థర్మాస్‌లో కాఫీ పోసుకుని తాగేలోపు వెలుగంతా అయిపోయింది.

అందుకని మీకు నా సలహా ఒక్కటే: ముందు రోజు సాయంత్రమే వెళ్లి చోటు ఎంచుకుని, ట్రైపాడ్ కాళ్ల ఎత్తు కూడా చూసుకుని, మర్నాడు సూర్యోదయానికి నలభై నిమిషాల ముందే అక్కడ ఉండండి. జూన్ మొదట్లో విశాఖలో సూర్యోదయం 5:20 ప్రాంతంలో, జనవరి మూడో వారంలో 6:30 ప్రాంతంలో ఉంటుంది.

జవాబు 4 – పాటుపోటు

మాది భీమిలి పక్కన పల్లె. మా నాన్నగారు వేటకు వెళ్లేవారు, నేను కెమెరా పట్టుకున్నాను. పెద్దలు అందరూ ఆకాశం గురించి చెప్పారు గాని బాటసారి గారి పడవల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ మరబోట్లు, ఇంజను పడవలు వేటకు దిగవు. ఒడ్డున రంగులు వేయించుకుంటూ, వలలు బాగు చేయించుకుంటూ ఉంటాయి. మీకు జూన్ మొదటి వారంలో పడవలు కనిపించింది అందుకు. డిసెంబరులో మీరు వచ్చేసరికి అవి చీకటితోనే నీటిలోకి పోయి ఉంటాయి. చలికాలంలో పడవలు కావాలంటే సూర్యోదయానికి కాదు, అవి తిరిగి వచ్చే వేళకు రండి. అప్పటికి ఎండ కాస్త ఎక్కినా, వల దులిపే చేతుల మీద పొలుసులు మెరిసే వెలుగు అదే. వల లాగేవాళ్లకు అడ్డం నిలబడకండి. వీలైతే ఒక చేయి వేయండి, ఆ తరవాత ఫొటో అడిగితే ఎవరూ కాదనరు.

పాటు, పోటు చూసుకోవడం అలవాటు చేసుకోండి. మన దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటరు ప్రాంతమే గాని, చదునైన ఒడ్డు మీద ఆ మాత్రానికే చాలా ఇసుక బయటపడుతుంది. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా వెనక్కి పోతుంది, అప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో నిలిచిన నీటిలో ఆకాశం దొరుకుతుంది. వానాకాలంలో దిగే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూసుకోండి. సముద్రానికి వీపు తిప్పి నిలబడకండి. తిరిగి వెళ్లే అల కాలి కింది ఇసుకను తవ్వేస్తుంది, ట్రైపాడ్ కాళ్లనూ అంతే. ముందే బలంగా దిగగొట్టి, అల తాకాక ఒకసారి కుదురుకోనిచ్చి అప్పుడు షట్టరు నొక్కండి. ఇంటికొచ్చాక కాళ్లన్నీ విడదీసి మంచినీటితో కడగాలి. లెన్సు మీద పడ్డ ఉప్పు తుంపరను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు కాస్త తడిపిన మెత్తని గుడ్డతో అద్దండి. డ్రోన్ ఆలోచన ఉంటే డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడకుండా ఎగరేయకండి, ఇది తూర్పు నౌకాదళం ఊరు.

ఇక తూర్పుగట్టు గారి ఫిల్టరుతో నాకు పేచీ ఉంది. నాలుగు సెకన్లు, ముప్పై సెకన్లు తెరిచి సముద్రాన్ని పాలు చేసేస్తే ఆషాఢంలో కెరటమూ మాఘంలో కెరటమూ ఒకటే అయిపోతాయి. బాటసారి గారి అసలు బాధే అన్ని నెలలూ ఒకేలా ఉన్నాయని కదా. తెల్లవారకముందు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100కి తగ్గించి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11కు చిన్నది చేసి పెడితే ఫిల్టరు లేకుండానే అర సెకను, సెకను దొరుకుతుంది. అల వెనక్కి జారుతున్నప్పుడు ఆ అర సెకనులో నురగ గీతలు గీతలుగా వస్తుంది, ఆ గీతల్లో ఆ రోజు సముద్రం ఎంత కోపంగా ఉందో తెలుస్తుంది.

జవాబు 5 – తూర్పుగట్టు

పాటుపోటు గారి మాట ఒప్పుకుంటున్నాను, ఉదయానికి వారు చెప్పిందే సరి. సాయంత్రపు నీడ పట్టీకి మాత్రం నా ఫిల్టరు నాకు ఉంచండి.

ప్రశ్న కొనసాగింపు – గోస్తనీ బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ తెల్లవారుజామున, కెమెరాను రాత్రే వరండా గదిలో పెట్టి, భీమిలికి వెళ్లాను. ఆషాఢపు మబ్బు కమ్మి సూర్యుడు కనిపించనే లేదు. అయినా చేయి చాచి, దిక్సూచి పట్టుకుని, జూన్ చోటు నుంచి డిసెంబరు చోటు దాకా అయిదు పిడికిళ్లు లెక్కపెట్టి, ఏ పిడికిలి కింద ఏ రాయి ఉందో ఫోనులో రాసుకున్నాను. అర సెకను చొప్పున ఒక నలభై ఫొటోలు తీశాను. ఎండ లేకపోయినా, తేదీ చూడకుండానే ఇది జులై అని చెప్పేలా మూడు ఉన్నాయి. ఒక్క సందేహం మిగిలింది. కార్తీక పున్నమి నాడు తొట్లకొండ మీదినుంచి చంద్రోదయం తీయాలని ఉంది. చంద్రుడు ఎటునుంచి వస్తాడు?

జవాబు 6 – తూర్పుగట్టు

చలికాలపు పున్నమి చంద్రుడు ఎండాకాలపు సూర్యుడి దారిన వస్తాడు. కాబట్టి మీరు రాసుకున్న జూన్ పిడికిలి దగ్గర, అంటే భీమిలి వైపు ఒరిగి చూడండి. అయితే పున్నమి నాటి కన్నా ముందు రోజు, చతుర్దశి నాడు వెళ్లండి. పున్నమి నాడు చంద్రుడు సూర్యాస్తమయం వేళకు వస్తాడు, నాలుగు వేళ్ల ఎత్తు లేచేసరికి నేల చీకటైపోయి చంద్రుడొక్కడే తెల్ల చుక్కలా మిగులుతాడు. ముందు రోజు ముప్పావు గంట అటూ ఇటుగా ముందే వస్తాడు, ఒడ్డు మీద ఇంకా ఎండ ఉంటుంది. కొండ మీద సాయంత్రం ఎంతవరకు ఉండనిస్తారో పగలే కనుక్కుని ఉంచుకోండి.